ఇంజనుకు వచ్చు జ్వరము: మోటారు సైకిలు నేర్పిన పాఠములు

1885వ సంవత్సరము నవంబరు నెలలో జర్మనీ దేశమునందలి కాన్‌స్టాట్ పట్టణమునుండి ఉంటర్‌ట్యూర్క్‌హైము వరకు ఒక వింత వాహనము ప్రయాణము చేసెను. దాని చట్రము కొయ్యతో చేసినది. ముందొకటి, వెనుకొకటిగా రెండు పెద్ద చక్రములును, ప్రక్కకు ఒరిగిపోకుండ రెండు చిన్న చక్రములును దానికి ఉండెను. గుఱ్ఱపు జీనువంటి తోలు పీఠము క్రింద 264 ఘన సెంటీమీటర్ల పరిమాణము గల చిన్న పెట్రోలు ఇంజను అమర్చబడెను. దాని బలము సుమారు అర అశ్వసామర్థ్యము మాత్రమే. గాట్లీబ్ డైమ్లరు, విల్‌హెల్మ్ మైబాఖ్ అను ఇద్దరు ఇంజనీర్లు నిర్మించిన ఆ వాహనమే పెట్రోలుతో నడచిన మొదటి మోటారు సైకిలని చరిత్రకారులు పరిగణించుచున్నారు. డైమ్లరు కుమారుడు పాల్ దానిని నడపుచుండగా జీను అంటుకొన్నదని చెప్పుదురు.

ఇంజను మితిమీరి వేడెక్కుటచే జీను కాలలేదు. ఆ కాలమున ఇంధనమును ముట్టించుటకు విద్యుత్ స్ఫులింగమునకు బదులుగా ఎఱ్ఱగా కాల్చిన గొట్టమును వాడుచుండిరి. ఆ గొట్టము సరిగా జీను క్రిందనే యుండెను. అపరాధి ఇంజను కాదు, దానిని ముట్టించు సాధనము. వేడిమి వలన కీడు కలిగినప్పుడు ఆ వేడిమి ఎక్కడ పుట్టినది, ఎటు పోయినది అని ముందుగా విచారింపవలెనను పాఠము ఈ మొదటి ప్రయాణమునందే ఇమిడియున్నది. ఆ పాఠమును పూర్తిగా నేర్చుకొనుటకు ఇంజనీర్లకు అనేక సంవత్సరములు పట్టెను.

వేడిమి జమాఖర్చు

పెట్రోలు ఇంజను వేడిమిని పనిగా మార్చు యంత్రము. కాని ఆ మార్పు అసంపూర్ణము. ఇంధనమునందలి శక్తిలో స్థూలముగా నాల్గవవంతు మొదలు మూడవవంతు వరకు మాత్రమే చక్రమును త్రిప్పుటకు వినియోగపడును. సుమారు మూడవవంతు పొగగొట్టము గుండ వెలుపలికి పోవును. మిగిలినది సిలిండరు గోడలలోనికిని, పిస్టనులోనికిని, కందెన నూనెలోనికిని చేరును. ఈ చివరి భాగమును ఎప్పటికప్పుడు వెలుపలికి పంపుటయే ఇంజనును చల్లబఱచుట.

సిలిండరులో మంట ఉష్ణోగ్రత 2000 డిగ్రీల సెంటిగ్రేడును మించును. అల్యూమినియము 660 డిగ్రీలకే కరగిపోవును. పోత ఇనుము సుమారు 1200 డిగ్రీలకు కరగును. అయినను ఈ లోహములతో చేసిన ఇంజను కరగకుండ పనిచేయుటకు రెండు కారణములు కలవు. మంట ఒక్క క్షణకాలమే యుండి చల్లని క్రొత్త మిశ్రమమునకు చోటిచ్చును. లోహములోనికి చొచ్చిన వేడిమి నిలువ యుండక నిరంతరము వెలుపలికి ప్రవహించును. ఆ ప్రవాహమునకు ఆటంకము కలిగినచో నిమిషములలో ప్రమాదము సంభవించును.

అట్టి ప్రమాదములలో ముఖ్యమైనది పిస్టను బిగుసుకొనిపోవుట. దీనిని చిన్న లెక్కతో తెలిసికొనవచ్చును. 70 మిల్లీమీటర్ల వ్యాసము గల అల్యూమినియము పిస్టను పై భాగము 200 డిగ్రీలు వేడెక్కెననుకొందము. అల్యూమినియము డిగ్రీ ఒక్కింటికి తన పొడవులో పదిలక్షలలో 23 వంతులు వ్యాకోచించును. కావున ఆ వ్యాసము సుమారు 0.32 మిల్లీమీటరు పెరుగును. దాని చుట్టునున్న పోత ఇనుప సిలిండరు 120 డిగ్రీలు మాత్రమే వేడెక్కినచో, ఇనుము వ్యాకోచము అల్యూమినియమునందలి దానిలో సగమే గనుక, సిలిండరు వ్యాసము సుమారు 0.09 మిల్లీమీటరు పెరుగును. రెంటికిని భేదము 0.23 మిల్లీమీటరు. నిర్మాతలు పిస్టను పై భాగమును కొంచెము సన్నగా చేసి ఈ భేదమునకు చోటు విడుతురు. వేడిమి వారి అంచనాను మించినచో ఆ చోటు చాలదు. నూనె పొర నశించి లోహము లోహమును రాచుకొనును. ఆ రాపిడివలన మరింత వేడి పుట్టును. తుదకు పిస్టను కదలక నిలిచిపోవును. పరుగిడుచున్న మోటారు సైకిలు వెనుక చక్రము దానితోపాటే నిలిచిపోవును, బండి జారి నడపువాడు క్రింద పడును. అందువలననే పూర్వము రెండు ఘాతముల ఇంజను గల బండ్లను వేగముగా నడపువారు క్లచ్చి మీటపై రెండు వ్రేళ్లు ఎల్లప్పుడును ఆనించియుంచెడివారు. ఇంజను స్వరము మారగనే క్లచ్చి పట్టి చక్రమును ఇంజనునుండి విడదీసెడివారు.

నీరా, గాలియా?

వేడిమిని మోసికొనిపోవుటకు తొలి ఇంజనీర్లకు రెండు వాహకములు దొరకెను. ఒకటి నీరు, రెండవది గాలి. ఒక లీటరు నీరు ఒక డిగ్రీ వేడెక్కుటకు సుమారు 4200 జౌళ్ల ఉష్ణమును గ్రహించును. ఒక లీటరు గాలి గ్రహించునది సుమారు 1.2 జౌళ్లు మాత్రమే. అనగా ఒక లీటరు నీరు చేయు పనిని చేయుటకు సుమారు 3500 లీటర్ల గాలి కావలెను. ఈ లెక్క చూచినచో నీరే శ్రేష్ఠమని తోచును.

1886లో కార్ల్ బెంజ్ పేటెంటు పొందిన మూడు చక్రముల బండి నీటినే వాడుకొనెను. కాని ఆ నీరు మరిగి ఆవిరియై గాలిలో కలిసిపోవుచుండెను. 1888లో ఆతని భార్య బెర్తా బెంజ్ తన ఇద్దరు కుమారులతో మాన్‌హైము నుండి ఫోర్ట్స్‌హైము వరకు సుమారు 106 కిలోమీటర్లు ఆ బండిలో ప్రయాణము చేసినప్పుడు, దారి పొడవునను దొరకిన చోటనెల్ల నీరు పట్టి పోయవలసివచ్చెను. 1894లో మ్యూనిక్ నగరమున హిల్డెబ్రాండ్, వోల్ఫ్‌ముల్లరు అనువారు పెద్దసంఖ్యలో తయారుచేసి అమ్మిన మొదటి మోటారు సైకిలు కూడ నీటితో చల్లబడునదే. వెనుక చక్రముపై బురద పడకుండ కప్పు రేకునే బోలుగా చేసి వారు దానిని నీటితొట్టిగా వాడిరి. తెలివైన ఏర్పాటే గాని బరువైనది.

నీటిని పారబోయక మరల మరల వాడు ఉపాయమును మైబాఖ్ పరిపక్వము చేసెను. 1900లో ఆతడు నిర్మించిన కారు రేడియేటరులో 8070 సన్నని చతురస్రపు గొట్టములు తేనెపట్టువలె ఒకచోట కూర్చబడియుండెను. గొట్టముల గుండ గాలి, వాని చుట్టును నీరు ప్రవహించెను. గాలి తగులు వైశాల్యము ఎక్కువగుటచే కొలది నీటితోనే ఇంజను చల్లగా నుండెను. కార్లకు ఇది గొప్ప వరము. మోటారు సైకిలునకు మాత్రము రేడియేటరు, గొట్టములు, నీరు అను మూడు బరువులును మోయలేని భారములుగా నుండెను.

అందుచే మోటారు సైకిలు గాలినే నమ్ముకొనెను. 1895 ప్రాంతమున ఫ్రాన్సులో జార్జ్ బూటన్ రూపొందించిన ద డియోన్-బూటన్ ఇంజను చిన్నది, తేలికయైనది, మిక్కిలి వేగముగా తిరుగునది. దాని సిలిండరునకు పలుచని లోహపు రెక్కలుండెను. వీని రహస్యము సులభము. వేడి వస్తువు కోల్పోవు ఉష్ణము దానికిని పరిసరములకును గల ఉష్ణోగ్రతా భేదమును బట్టి యుండునని 1701లోనే న్యూటను చెప్పియుండెను. అంతియే కాదు, ఆ ఉష్ణము వస్తువు ఉపరితల వైశాల్యమును బట్టియు, దానిని తాకు గాలి వేగమును బట్టియు ఉండును. రెక్కలు వైశాల్యమును పెంచును, పరుగు గాలిని తెచ్చును. ఆ నమూనా అనేక దేశములలో అనుకరింపబడి మోటారు సైకిలు ఇంజనునకు స్థిరమైన రూపము నిచ్చెను.

నడపువాని చేతిలో మీటలు

తొలినాటి మోటారు సైకిలు నడపువాడు సగము మెకానిక్కు. కందెన నూనెను చేతిపంపుతో కొట్టి ఇంజనునకు అందించవలసినవాడు అతడే. ఎన్ని మైళ్లకొకసారి కొట్టవలెనో మరచినచో పిస్టను ఎండి బిగుసుకొనెడిది. ఎక్కువ కొట్టినచో తెల్లని పొగ వచ్చి ప్లగ్గునకు మసి పట్టెడిది. పెట్రోలు, గాలి పాళ్లను మార్చుటకు ఒక మీట, స్ఫులింగమును ముందునకు గాని వెనుకకు గాని జరుపుటకు మరియొక మీట హ్యాండిలుపై నుండెను.

ఈ మీటలే నడపువారికి రోగనిదానము నేర్పిన ఉపాధ్యాయులు. స్ఫులింగమును ఆలస్యము చేసి నడపినచో బలము తగ్గి ఇంజను వేడెక్కుటను వారు గమనించిరి. కారణము సులభగ్రాహ్యమే. ఆలస్యముగా అంటుకొన్న మిశ్రమము పిస్టను క్రిందికి దిగుచుండగా ఇంకను మండుచుండును. తన వేడిమిని పనిగా మార్చకమునుపే పొగ కవాటము తెరచుకొనును. అప్పుడు ఆ కవాటమును, పొగగొట్టము మొదలును మిక్కిలి కాగి ఎఱ్ఱబడును.

పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైన మిశ్రమము కూడ ఇంజనును వేడెక్కించును. ఇంధనము తగ్గినచో వేడి తగ్గవలెను గదా యని విద్యార్థులకు సందేహము కలుగవచ్చును. పెట్రోలు పలుచనైన మిశ్రమము నెమ్మదిగా మండి, స్ఫులింగము ఆలస్యమైనప్పటివలెనే కడవరకు మంటను నిలుపును. అదిగాక, సమృద్ధియైన మిశ్రమములో అదనముగా నున్న పెట్రోలు ఆవిరియగుచు కొంత ఉష్ణమును గ్రహించి లోపలి భాగములను చల్లబఱచును. కుండలో నీరు చల్లనగుట ఇట్టిదే. పెట్రోలు తగ్గినచో ఆ లాభము పోవును. పెట్రోలులోనే నూనె కలిపి పోయు రెండు ఘాతముల ఇంజనులో పెట్రోలు తగ్గుటయనగా కందెనయు తగ్గుట. కార్బ్యురేటరు అతుకువద్ద వెండ్రుకవాసి సందు ఏర్పడి గాలి దూరినను చాలు, పిస్టను బిగుసుకొనవచ్చును. పైకి ఇంజను వేడెక్కినట్లు కనిపించును గాని దోషము గాలి దూరు అతుకులో నుండును. ఎన్ని రెక్కలు తగిలించినను ఆ దోషము తీరదు.

కొలతలు ప్రారంభమైన కాలము

మొదటి ప్రపంచయుద్ధమునాటికి విమానములకు తేలికయైన, నమ్మదగిన ఇంజనులు అవసరమయ్యెను. ఇంగ్లాండునందలి ఫార్న్‌బరోలోని ప్రభుత్వ విమాన కర్మాగారములో ఎ. హెచ్. గిబ్సన్, శామ్యూల్ హెరాన్ అను ఇంజనీర్లు గాలితో చల్లబడు సిలిండర్లను శాస్త్రీయముగా పరిశోధించిరి. అంతవరకు రెక్కల పొడవు, మందము, ఎడము చాలవరకు ఊహపై ఆధారపడియుండెను. వీరు వానిని ప్రయోగములతో పరీక్షించిరి.

రెక్క మూలమువద్ద వేడిగా నుండి చివరకు పోనుపోను చల్లబడును. ఇనుముతో మిక్కిలి పొడవైన రెక్క చేసినచో దాని చివర దాదాపు గాలియంత చల్లగానే యుండి బరువు తప్ప ప్రయోజన ముండదు. రెక్కలను మరీ దగ్గరగా పేర్చినచో వాని నడుమ గాలి కదలదు. అన్నిటికంటె ముఖ్యముగా, సిలిండరు అన్ని వైపులను ఒకే విధముగా వేడెక్కదు. పొగ కవాటమున్న చోటు అధికముగా కాగును. గాలి ముందుగా అచ్చటికి చేరవలెను.

వారు సిలిండరు తలను అల్యూమినియముతో చేసి ఉక్కు సిలిండరును దానికి బిగించిరి. అల్యూమినియము మిశ్రలోహము పోత ఇనుముకంటె సుమారు మూడు రెట్లు వేగముగా ఉష్ణమును ప్రవహింపజేయును. ఇనుముకంటె ఎంతో తక్కువ ఉష్ణోగ్రతకే కరగు లోహము ఇనుముకంటె బాగుగా వేడిమికి తట్టుకొనుటలోని విచిత్రము ఇదే. అది వేడిమిని తనయందు నిలువ యుంచుకొనదు. 1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్సులో ఎరూ వేరువేరుగా కనిపెట్టిన విద్యుద్విశ్లేషణ పద్ధతివలన ఈ లోహము చవుకయై ఉండకపోయినచో ఈ మార్పు సాధ్యపడెడిది కాదు.

హెరాన్ 1921లో అమెరికాకు వెళ్లి పొగ కవాటమును చల్లబఱచు ఉపాయమును సాధించెను. కవాటపు కాడను బోలుగా చేసి అందులో సోడియమును కొంత నింపెను. సోడియము సుమారు 98 డిగ్రీలకే కరగును. కవాటము పైకి క్రిందికి ఆడునప్పుడు ఆ ద్రవము కుదిలి, మండుచున్న తలనుండి వేడిమిని గ్రహించి చల్లని కాడకు చేరవేయును. విమానములకై కనిపెట్టబడిన ఇట్టి జ్ఞానము తరువాత మోటారు సైకిళ్లకును దిగివచ్చెను. రెండు సిలిండర్లు ముందువెనుకలుగా ఉన్న ఇంజనులలో వెనుక సిలిండరే ఎందుకు ముందు వేడెక్కునో కూడ దీనివలన విశదమగును. ముందు సిలిండరు గాలిని అడ్డగించి, వేడెక్కిన గాలినే దానికి మిగుల్చును.

మందు విషమైన కథ

ఇంజను వేడెక్కుటకు మరియొక కారణము లోపలి టకటక చప్పుడు. మిశ్రమము స్ఫులింగమునుండి క్రమముగా అంటుకొనుటకు మారుగా, మంట చేరని చివరి భాగము ఒక్కసారిగా తనంతట తానే ప్రేలినచో ఈ చప్పుడు పుట్టును. ఆ ప్రేలుడు పీడన తరంగములు సిలిండరు గోడలకు అంటిపెట్టుకొని రక్షణ నిచ్చుచున్న పలుచని వాయుపొరను చెదరగొట్టును. అప్పుడు మంట వేడిమి నేరుగా లోహములోనికి చొచ్చును. ఎక్కువ కాలము ఇట్లు జరిగినచో పిస్టనుకు రంధ్రము పడును.

అమెరికాలో ఈ చప్పుడునకు కారణము చార్లెస్ కెటరింగు ప్రవేశపెట్టిన బ్యాటరీ జ్వలన పద్ధతియే యని కొందరు నిందించిరి. ఆతని పరిశోధనశాలలో పనిచేసిన థామస్ మిడ్గ్లీ పరీక్షించి, దోషము జ్వలన పద్ధతిలో లేదనియు, ఇంధన స్వభావములో నున్నదనియు నిరూపించెను. నిదానము సరియైనదే. కాని చికిత్స సరియైనది కాదు. 1921 డిసెంబరులో టెట్రా ఇథైల్ లెడ్ అను సీసపు సమ్మేళనమును కొలదిగా కలిపినచో చప్పుడు ఆగునని ఆతడు కనుగొనెను. 1923లో సీసము కలిపిన పెట్రోలు అమ్మకమునకు వచ్చెను. 1924లో న్యూజెర్సీలోని బేవే శుద్ధి కర్మాగారమున ఆ సమ్మేళనము విషమెక్కి ఐదుగురు కార్మికులు మరణించిరి. అయినను దాని వాడుక ప్రపంచమంతట వ్యాపించెను. ఇంజను చప్పుడు మానెను గాని సీసము పొగతో వెలువడి వీథులలోని గాలిలోనికిని, ముఖ్యముగా పిల్లల రక్తములోనికిని చేరెను. భారతదేశమున 2000వ సంవత్సరములో సీసము కలిపిన పెట్రోలు అమ్మకము నిలిచిపోయెను. ప్రపంచములో బండ్లకు దాని అమ్మకము చివరిగా 2021లో అల్జీరియాలో ఆగెను. ఒక యంత్రపు జ్వరమును మాన్పుటకు వాడిన మందు మనుష్యులకు విషమైనదని తెలిసికొని మానివేయుటకు సుమారు నూరు సంవత్సరములు పట్టెను.

నీరు మరల వచ్చుట

మోటారు సైకిలు నీటిని పూర్తిగా విడువలేదు. ఇంగ్లాండులో ఆల్‌ఫ్రెడ్ స్కాట్ 1908నుండి తయారుచేసిన రెండు ఘాతముల ఇంజన్లు నీటిని వాడుకొనెను. ప్రతి భ్రమణమునకు ఒకసారి మండు ఆ ఇంజనులో, రెండు భ్రమణముల కొకసారి మండు నాలుగు ఘాతముల ఇంజనుకంటె వేడిమి త్వరత్వరగా పుట్టును గనుక ఆతని యోచన సమంజసమే. ఆ బండ్లు 1912, 1913 సంవత్సరములలో మాన్ ద్వీపపు పెద్ద పందెములను గెలిచెను.

1946లో ఇటలీలో వెలువడిన వెస్పా స్కూటరుది వేరొక దారి. దాని ఇంజను రేకుల చాటున దాగియుండుటచే పరుగు గాలి తగులదు. కావున ఫ్లైవీలుకే రెక్కలమర్చి విసనకఱ్ఱవలె చేసిరి. బండి నిలిచియున్నను ఇంజను తిరుగుచున్నంత కాలము గాలి వీచును. మద్రాసువద్ద తిరువొత్తియూరులో తయారైన ఎన్‌ఫీల్డు బుల్లెట్టు మాత్రము రెక్కలను, పరుగు గాలిని నమ్ముకొన్నది. 1955లో మద్రాసు మోటార్సు సంస్థ ఆంగ్ల కంపెనీతో కలిసి ఆ పరిశ్రమను స్థాపించెను. ఆనాటి 350 తరగతి బుల్లెట్టు పిస్టను వ్యాసము పైలెక్కలో చెప్పిన 70 మిల్లీమీటర్లే.

1971లో జపానుయొక్క సుజుకీ జి.టి.750, 1974లో ప్రదర్శింపబడిన హోండా గోల్డు వింగు పెద్ద మోటారు సైకిళ్లకు నీటి చల్లదనమును మరల తెచ్చెను. భారతదేశమున 2008లో వచ్చిన యమహా ఆర్15 చిన్న ఇంజనుకు కూడ ఆ సౌకర్యమును కల్పించెను. నీటితో చల్లబడు ఇంజనులో ఉష్ణోగ్రత ఒకే మట్టమున నిలుచును. ఉష్ణోగ్రత నిలకడగా నున్నచో పిస్టను సందును తక్కువగా నుంచవచ్చును, పొగలోని కాలుష్యమును అదుపులో నుంచవచ్చును. అయినను మన వీథులలో తిరుగు చిన్న బండ్లలో చాలవఱకు నేటికిని గాలితో చల్లబడునవే.

మూడు ప్రశ్నలు

ఈ చరిత్రనంతటిని వేడెక్కిన బండిని పరీక్షించువానికి ఉపయోగపడు మూడు ప్రశ్నలుగా కుదింపవచ్చును. వేడిమి అధికముగా పుట్టుచున్నదా? పుట్టిన వేడిమి పోవు దారి మూసుకొన్నదా? ఘర్షణవలన క్రొత్త వేడిమి చేరుచున్నదా?

మొదట సులభమైనవి చూడవలెను. ఇంజనును ఆపి చల్లారనిచ్చి నూనె మట్టము చూడవలెను. నూనె తక్కువైనను, నల్లబడి పలుచనైనను మూడవ ప్రశ్నకు జవాబు దొరకినట్లే. పిదప వెనుక చక్రమును చేతితో త్రిప్పి బ్రేకు పట్టుచున్నదేమో చూడవలెను. పట్టిన బ్రేకును ఎదిరించి లాగు ఇంజను ఎంత మంచిదైనను వేడెక్కును. క్లచ్చి జారినను అట్లే. తరువాత రెక్కల నడుమ నూనెతో కలిసి గట్టిపడిన బురద యున్నచో కడుగవలెను. నీటి బండియైనచో నీటి మట్టము, విసనకఱ్ఱ, థర్మోస్టాటు చూడవలెను. కాగియున్న రేడియేటరు మూతను తెరువరాదు. లోపల పీడనముచే నూరు డిగ్రీలు దాటియు మరగక యున్న నీరు మూత తీయగనే ఒక్కసారి ఆవిరియై మీదికి చిమ్మును.

అప్పటికిని కారణము దొరకనిచో ప్లగ్గును తీసి చూడవలెను. దాని కొన లేత గోధుమ రంగులో నున్నచో మిశ్రమము సరిగా నున్నదని అర్థము. తెల్లగా, పొక్కినట్లున్నచో పెట్రోలు తక్కువగా వచ్చుచున్నది, లేదా గాలి దూరుచున్నది. కార్బ్యురేటరు జెట్టును శుభ్రము చేసి అతుకులు బిగించవలెను. దాని పిమ్మట జ్వలన సమయమును, పొగగొట్టములో మసి పేరుకొనుటను పరీక్షింపవలెను. ఒక్కొక్కసారి ఒక్క మార్పు మాత్రమే చేసి బండిని నడపి చూడవలెను. రెండు మార్పులొకేసారి చేసినచో ఏది రోగమును మాన్పినదో తెలియదు.

ఉపాధ్యాయులు ఈ విషయమును తరగతిలో సులభముగా చూపవచ్చును. ఒకే పొడవు గల స్టీలు గరిటెను, అల్యూమినియము గరిటెను వేడినీటిలో నిలిపి, పై కొనలకు మైనపు చుక్కలతో చిన్న మేకులను అంటింపవలెను. అల్యూమినియము గరిటెకు అంటిన మేకు ముందుగా రాలును. ఫార్న్‌బరో ఇంజనీర్లు సిలిండరు తలకు అల్యూమినియమును ఏల ఎన్నుకొనిరో విద్యార్థులకు అప్పుడు వేరుగా చెప్పనక్కఱలేదు.